పోటు కార్డు, ఒకటి పాయింట్ సున్నా

6 ఏప్రిల్ 2006, గురువారం

నా చేతిరాత బాగోదు. వత్తులు తప్పుతాయి. అయిదో తరగతి దాకానే చదువు, అదీ మా ఊరి బడిలో. పొరపాటున ఎవరైనా ఈ పుస్తకం తెరిస్తే మన్నించాలి. ఎవరూ తెరవకపోతే ఇంకా మంచిది.

నిన్న ఒక మనిషి స్కూటరు మీద గోపాలపట్నంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు ఉమామహేష్. స్టీల్ ప్లాంటులో కంప్యూటర్ల పని. ఉక్కునగరంలో క్వార్టరు. సొంతూరు బందరు దగ్గర. నేను పోర్టులో ఖలాసీగా ముప్పై ఒక్క ఏళ్ళు నీటి కొలకర్ర చూసి రిజిస్టరు రాశానని ఎవరో చెప్పారట.

అతను ఒక ప్రోగ్రామ్ తయారు చేస్తున్నాడు. ఊరి పేరు, తేదీ కొడితే సముద్రం నిండే పోటు ఎప్పుడో, నీరు తీసే పాటు ఎప్పుడో చెబుతుందట. వారానికి సరిపడా ఒక కార్డు ప్రింటు తీసుకుని పడవలో అంటించుకోవచ్చు. పేరు పోటు కార్డు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా లోపల విప్పి చూడవచ్చు, మార్చవచ్చు. అంతా ఫ్రీ. జూన్ ఒకటికి ఒకటి పాయింట్ సున్నా, అంటే మొదటి పూర్తి రూపం, విడుదల చేయాలి, అప్పటిదాకా మీరు టెస్టింగు చేసి పెట్టాలి బాబాయ్ గారూ అన్నాడు.

అతను వెళ్ళాక మా ఆవిడ పోతమ్మ, ఊరికినే ఇత్తన్నాడంటే ఏదో ఉన్నాదిలే, ఆ స్కూటరుకి పెట్రోలు ఎవుడు పోత్తన్నాడో కనుక్కో ముందు, అంది.

నాకూ అదే అనిపించింది. వాళ్ళకిచ్చే టెస్టింగు కాగితం వేరు. ఈ పుస్తకం నాకు.

10 ఏప్రిల్, సోమవారం

మద్దిలపాలెం వెళ్ళాను. బస్సు డిపో ఎదురుగా మేడ మీద ఒక గది. మూడు కంప్యూటర్లు. ఉమామహేష్‌తో పాటు ధనశ్రీ అనే అమ్మాయి ఉంది. ప్రోగ్రాములో తెలుగు మాటలు ఆమె రాస్తుంది. నా పేరు తాతబాబు అంటే, తాతా అని పిలవనా బాబూ అని పిలవనా అని నవ్వింది. నేను తలదించుకున్నాను.

ఈ నెలాఖరుకి ఆర్సీ వన్ వస్తుంది అన్నారు. ఆర్సీ అంటే బండికి ఇచ్చే పుస్తకం అనుకున్నాను. దీనికి కూడా ఆర్టీవో ఆఫీసుకి వెళ్ళాలా అని అడిగాను. ఇద్దరూ పడి నవ్వారు. ఇక విడుదల చేయొచ్చేమో అన్న దశలో ఇచ్చే నమూనాని అలా అంటారట. దాన్ని జనం వాడి చూసి తప్పులు చెప్పాలి. దిద్ది ఆర్సీ టు ఇస్తారు. ఆ తర్వాత ఓటు. బాగుంది అనేవాళ్ళు ప్లస్ వన్, బాగోలేదు అనేవాళ్ళు మైనస్ వన్. ఒకరు రాస్తే అందరికీ చేరే మెయిల్ లిస్టులో ఎక్కడెక్కడివాళ్ళో పదిమంది ఉన్నారు. టెస్టింగు చేశాను కాబట్టి నాకూ ఓటుంటుందట.

ఒక్క మైనస్ వచ్చినా విడుదల ఆగిపోతుందట. కానీ ఆ మైనస్ వేసినవాడే కారణం లిస్టులో తన చేత్తో రాయాలి.

పదిమంది ముందు కారణం ఎవడు రాస్తాడు. నేనైతే రాయను.

14 ఏప్రిల్

రేపటి నుంచి నలభై ఏడు రోజులు వేట నిషేధం. మే ముప్పై ఒకటి రాత్రి పన్నెండుకి అయిపోతుంది.

19 ఏప్రిల్, బుధవారం

మా బావమరిది సత్యానికి కార్డు చూపించాను. పోతమ్మకు సొంత తమ్ముడు. ఉక్కునగరం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. అక్కడ ఏరు సముద్రంలో కలిసే చోటు, మొగ, ఇసుక మేట వేసి ఉంటుంది. నిండు పోటు మీదే పడవ దాటాలి. ముప్పావు గంట అటూఇటూ అయితే అడుగు ఇసుకకు తగులుతుంది. తగిలి పడవ అడ్డం తిరిగితే కెరటం ఊరుకోదు. పన్నెండేళ్ళ కింద సత్యం వాళ్ళ అన్న అలాగే పోయాడు.

సత్యం కార్డు చూసి పగలబడి నవ్వాడు. ఉదయం ఒకటీ పది అట, ఏటి బావా, మీ కంప్యూటరోడు ఒంటిగంటకే పళ్ళు తోమీసుకుంటాడేటి అన్నాడు. పక్కనున్న అర్జునరావు కూడా నవ్వాడు. సత్యం పడవలో అతనికి సగం వాటా.

నిజమే. ఇంగ్లీషులో ఏఎమ్ అని ఉంటే ఉదయం అని రాశారు.

22 ఏప్రిల్

మద్దిలపాలెంలో నోరు తెరిచి చెప్పాను. తెల్లారి నాలుగు లోపుది ఏదైనా మావాళ్ళు రాత్రే అంటారమ్మా, ఉదయం అనరు, అన్నాను. ధనశ్రీ అప్పటికప్పుడే మార్చింది. ఉమామహేష్ ఇది చాలా మంచి ఫిక్స్, మంచి దిద్దుబాటు అన్నాడు. ప్రోగ్రాములో సాయం చేసినవాళ్ళ పేర్లుండే ఫైలు ఒకటి ఉంది. అందులో నా పేరు చేర్చారు. తెర మీద చూపించారు.

బస్సులో మూడు స్టాపులు ఎక్కువ వెళ్ళిపోయాను.

29 ఏప్రిల్

ఆర్సీ వన్ వచ్చింది. సత్యానికీ అర్జునరావుకీ తలో కార్డు, టిక్కు పెట్టడానికి తలో కాగితం ఇచ్చాను.

2 మే, మంగళవారం

సత్యం పక్కింటివాళ్ళ ఫోనుకి చేశాడు. పగటి పోటు సరిగానే ఉన్నాది, రాత్రిది తేడా కొడతన్నాది బావా, ముప్పావుగంట తరవాతగాని నిండడం నేదు అన్నాడు.

పగలు సరిపోయి రాత్రి తప్పడం ఏమిటి. సముద్రానికి పగలొక లెక్కా రాత్రొక లెక్కా ఉండదు. రాత్రి నిద్రపోయి, లేచాక అంచనా మీద రాస్తున్నాడని నా అనుమానం. పోర్టులో రాత్రి డ్యూటీ వాళ్ళు ఇలాగే రాసేవారు. మూడు పేజీలు ఒకే సిరాతో ఉండేవి.

3 మే, బుధవారం

సత్యానికి చెప్పకుండా వాళ్ళ ఊరు వెళ్ళాను. చెబితే ముందే జాగ్రత్త పడతాడు. నిన్న సాయంత్రం బస్సు దిగి, ఊళ్ళోకి పోకుండా మొగ అవతలి గట్టున కూర్చున్నాను. కొలకర్ర పాతాను. ఊరి వైపు గట్టున సత్యం జాడ లేదు. కార్డులో బుధవారం రాత్రి 1:50 అని ఉంది. నీళ్ళు 1:45కి నిండాయి, కాసేపు నిలిచాయి, రెండు దాటాక తీశాయి. ఇంతకంటే సరిగా ఏ పుస్తకమూ చెప్పలేదు నా సర్వీసులో.

మొదటి బస్సుకి వచ్చేశాను. కార్డు తప్పు కాదు. మనిషే తప్పు.

4 మే

సత్యం కాగితం వచ్చింది. బుధవారం రాత్రి 1:50 ఎదురుగా, తేడా, 2:40 దాటినాక నిండింది, అని రాశాడు.

నేను కళ్ళారా చూశాక ఇలా రాశాడు. ఉమామహేష్‌కు నా లెక్క ఇచ్చాను. అతను సత్యం చెప్పిన తప్పును, మా దగ్గర రావడం లేదు, అని రాసి మూసేశాడు. ప్రోగ్రాములో తప్పును బగ్ అంటారు, ఇలా మూసేస్తే బగ్ క్లోజ్డ్ అంటారు.

6 మే, శనివారం

సత్యం ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చోలేదు.

నా కాగితం అబద్దమని సెప్పినావట అన్నాడు. నేను నీళ్ళ గ్లాసు అందించాను. పోతమ్మ అటూ ఇటూ చూసింది. మళ్ళీ అడిగాడు. అప్పుడు అన్నాను, పడుకుని రాశావు సత్యం, ఆ రాత్రి నేనక్కడే ఉన్నాను, అని.

లేచి నిలబడ్డాడు. మొగ గట్టున దోమలు పీక్కు తింటంటే కూకుని రాసినాను బావా, నువ్వు ఉన్నావేటి, ఎక్కడున్నావు, నాకు అవుపడలేదే, అన్నాడు. దొంగలా వచ్చి సూసినావా నన్ను, అన్నాడు. పోతమ్మ, ఒరే కూకోరా, సేపల పులుసు సల్లారిపోతాది, అంది. వినలేదు.

గుమ్మంలో ఆగి ఒక మాట అన్నాడు. అలాగైతే జూన్ ఒకటికి నీ కాగితమ్మీదే ఎల్తాను. అందరికన్నా ముందు నా పడవే మొగ దాటుద్ది. తగిలిందా, నీ కంప్యూటరోడిని పట్టుకొచ్చి ఇసకలోంచి తీయించుకో.

పోతమ్మ నాతో మాట్లాడటం లేదు.

12 మే

ఉమామహేష్‌కు తొందర ఎక్కువైంది. జూన్ ఒకటి పొద్దున మీటింగు, ఎవరో పెద్ద ఆఫీసరు సీడీ విడుదల చేస్తాడట. మూడు వందల సీడీలు. ఆర్సీ కార్డులు అప్పుడే లిస్టులో ఎవరెవరో ప్రింటు తీసి పంచుతున్నారట.

ఏడాదిన్నరగా షిఫ్టు దిగి వచ్చి చేశాడు, రూపాయి తీసుకోలేదు. ధనశ్రీ చెప్పింది. మరి ఎందుకు చేశాడు? పేరు కోసమా? పేరు కోసమైతే ఆ ఫైలులో నా పేరు ఎందుకు పెట్టాడు? నాకు అర్థం కాని మనిషిని నేను నమ్మలేను.

20 మే, శనివారం

ఆర్సీ టు. సత్యం కాగితం పంపలేదు. అర్జునరావు పంపాడు. పగలు సరి, రాత్రి ముప్పావుగంట తేడా. సత్యం రాసిందే.

ఒకరిది చూసి ఒకరు రాశారు. నామీద కసి. కాగితం చించేశాను. తర్వాత ముక్కలు ఏరి, అతికించి, ఈ పుస్తకంలో పెట్టాను. చించినందుకు సిగ్గేసింది.

25 మే

సత్యం కూతురు సీతాలుకు ఆడపిల్ల. సత్యం నాకు చెప్పలేదు. పోతమ్మకు ఎవరో చెబుతుంటే విన్నాను.

28 మే, ఆదివారం

ఓటు. అప్పటికే ఆరు ప్లస్ వన్‌లు ఉన్నాయి. మీ మాటేంటి తాతా అంది ధనశ్రీ. మనసులో ఏదో ముల్లులా ఉంది. ఏమిటో చెప్పలేను. చెప్పలేని దానికి మైనస్ వేయలేను. ప్లస్ వన్ అన్నాను. ఆమె టైపు చేసింది.

ముప్పై ఒకటి సాయంత్రం ఆరు దాకా గడువు. ఆలోగా ఓటు మార్చుకోవచ్చు.

29 మే, సోమవారం, మధ్యాహ్నం

 తొందరలో ఇంకా పాడుగా రాస్తున్నాను.

పొద్దున్నుంచి పక్కింటి ఫోనులో పోతమ్మ కేకలు. పదకొండో రోజు పురుడు. శనివారం అని సత్యం ఇంట్లో వాళ్ళు, ఆదివారం అని అల్లుడి తరఫు వాళ్ళు. అల్లుడి వాళ్ళ దగ్గర ఆసుపత్రి చీటీ ఉంది. అందులో పుట్టింది గురువారం అని ఉందట. పోతమ్మ ఫోను పెట్టేసి వచ్చి నామీద పడింది. ఇరవై మూడు రోజుల తర్వాత మొదటి మాట అది.

బుదారం రాత్రి రెండింటికి పుట్టిన గుంట లచ్చివారం దెలాగయిపోద్ది? రాత్రి బువ్వ తిని ఆసుపత్రికి ఎల్లినారు, తెల్లారక ముందే పుట్టీసింది. తెల్లారితే కదా లచ్చివారం. ఆసుపత్రోళ్ళకి రోజులు లెక్కెట్టడం కూడా రాదేటి?

నేను, రాత్రి పన్నెండు దాటితే తేదీ మారిపోతుందే, అన్నాను.

నీ పోర్టులో మారుద్దేమో, మా ఇళ్ళల్లో తెల్లారితేనే మారుద్ది, అంది.

కంచం తోసేసి లేచాను. కార్డు తీశాను. బుధవారం రాత్రి 12:15. గురువారం రాత్రి 1:05.

పోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు, రాత్రి పన్నెండు కొట్టగానే కొత్త గీత గీసి కొత్త తేదీ వేశాను. బుధవారం రాత్రి 1:50 అంటే నాకు మంగళవారం పడుకుని బుధవారం లేచే రాత్రి. ప్రోగ్రాముకీ అంతే. సత్యానికి బుధవారం రాత్రంటే బుధవారం బువ్వ తిన్నాక వచ్చే రాత్రి. అతను ఒక రోజు తర్వాత వెళ్ళి కూర్చున్నాడు. రోజుకి పోటు ముప్పావు గంట పైనే జరుగుతుంది. అదే ఆ తేడా. పగటికి రాదు. రాత్రికే వస్తుంది.

ఆ రాత్రి చెప్పి వెళ్ళుంటే, బావా రేపు కదా రావాల్సింది అనేవాడు. అక్కడికక్కడే తేలిపోయేది. నేను దాక్కుని చూశాను.

ఉదయం అని ఉన్నప్పుడు నవ్వేవారు. నవ్వి, ఏ రోజుదని అడిగేవారు. రాత్రి అని పెట్టాక ఎవరూ అడగలేదు. పెట్టించింది నేను.

30 మే, మంగళవారం, పొద్దున

మొదటి బస్సు. సత్యం ఒడ్డున పడవకు చమురు పూస్తున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అర్జునరావు మాత్రం, రండి, కాపలా కాయడానికొచ్చినారేటి అన్నాడు.

కార్డు ఇచ్చి, రేపు రాత్రి ఎన్నింటికి దాటుతావు అని అడిగాను. సత్యం బుధవారం గీత మీద చమురు వేలు పెట్టాడు. పన్నెండూ పావు, నిషేదం దిగిన పావుగంటకి, ఐసు, డీజిలు, అయిదుగురు మనుషులు, పూర్తి లోడు, అన్నాడు. నీ కాగితమ్మీదే, అన్నాడు.

నేను వేలు పట్టుకుని కింది గీత మీదికి జరిపాను. గురువారం రాత్రి 1:05. నీ బుధవారం రాత్రి ఇది, అన్నాను. పురుడు తగాదా చెప్పాను. ఆసుపత్రి చీటీ చెప్పాను.

చమురు చేతులు గుడ్డకి తుడుచుకుని కార్డు తీసుకున్నాడు. చంద్రుడు పంచమికి వస్తన్నాడు, పోటు చచ్చుగా ఉంటాది, పన్నెండూ పావుకి లోడుతో ఎలితే మోకాలు నీళ్ళే, అన్నాడు. తనతో తనే అనుకున్నట్టు.

తర్వాత, అయితే నాను పడుక్కోలేదు కదా బావా, అన్నాడు.

లేదు, అన్నాను.  చమురు డబ్బా, గుడ్డ అందుకుని పడవకి రెండో పక్క పూశాను. కాసేపటికి, అలా కాదు, పలక సందులోకి పట్టించు, పోర్టోళ్ళకి పనెలా వస్తాది, అని తిట్టాడు. ప్రాణం కుదుటపడింది.

30 మే, సాయంత్రం

మద్దిలపాలెం. ఉమామహేష్ షిఫ్టు దిగి వచ్చాడు. చెప్పాను. నా జీవితంలో ఒకేసారి ఇంత మాట్లాడలేదు.

అతను ఆ రెండు గీతలూ తెర మీద తెరిచి చూశాడు. లెక్క కరెక్టే కదండీ బాబాయ్ గారూ, తేదీ కరెక్టే, టైము కరెక్టే, ఇది బగ్ కాదండీ, చదివేవాళ్ళ అలవాటు, అన్నాడు. మాటలు మార్చడం ఆపేసి రెండు వారాలైంది, సీడీలు రాసేశాం, ఎల్లుండి విడుదల ఒక్కటి కానివ్వండి, వారంలో ఒకటి పాయింట్ సున్నా పాయింట్ ఒకటి ఇచ్చేద్దాం, అన్నాడు.

ధనశ్రీ, తాత చెప్పింది ఒక్క మాటే కదా సార్, రాత్రి తీసేసి, బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం, అని రాస్తే చాలు, అంది. అంటే కార్డంతా మళ్ళీ ప్రింటు, అన్నాడు అతను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు రాత్రులు నిద్ర లేదు. మొదటిసారి నాకు అతని మీద అనుమానం రాలేదు. జాలి వేసింది. అతను చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

మొగ దగ్గర వారం తర్వాత అనేది ఉండదు బాబూ, అన్నాను.

అతను తల పట్టుకున్నాడు. నాకు ఆపే హక్కు లేదండీ, ఆరుగురు ప్లస్ అన్నారు, మీరు కూడా, అన్నాడు. ఆపాలంటే మీరే ఆపాలి, మీరే రాయాలి, అన్నాడు.

నేను టైపు చేసి పెడతాను తాతా అంది ధనశ్రీ. వద్దమ్మా అన్నాను. చేత్తో రాయాలని కదా రూలు.

31 మే, బుధవారం, మధ్యాహ్నం 3:20, మద్దిలపాలెం

ఒక్కో అక్షరం వెతికి నేనే టైపు చేశాను, గంటా పది నిమిషాలు పట్టింది. లిస్టుకి పంపింది ఇక్కడ ఎత్తి రాసుకున్నాను.

అందరికీ నమస్కారం. నా పేరు తాతబాబు. నా ఓటు ప్లస్ వన్ తీసేయండి. మైనస్ వన్ వేయండి.

కారణం. రాత్రి అనే మాట నేనే పెట్టించాను. తప్పు నాది. రాత్రి ఒంటిగంట మీకు రేపటిది, మా పడవలవాళ్ళకి ఇవాళ్టిది. కార్డు నమ్మి వెళ్ళేవాళ్ళు ముప్పావు గంట ముందు మొగలోకి దిగుతారు. సత్యం, అర్జునరావు సరిగానే చెప్పారు. వాళ్ళ బగ్ మళ్ళీ తెరవండి.

మీలో ఎవరు కార్డులు ప్రింటు తీశారో, ఏ ఊళ్ళో ఎవరికి ఇచ్చారో రాయండి. నేను బస్సులో వెళ్ళి చెబుతాను. అందనంత దూరమైతే ఫోను చేయిస్తాను. పడవలు రాత్రి పన్నెండుకి కదులుతాయి. బుధవారం రాత్రి, అంటే ఇవాళ. చదివిన వెంటనే జవాబు రాయండి. నేను ఈ కుర్చీలోనే ఉన్నాను.